విండోస్ 11 అప్‌గ్రేడ్ మధ్యలో ఎందుకు వెనక్కి తిరుగుతుంది? డెల్టా ఇళ్లలోని పాత కంప్యూటర్లపై ఒక పరిశీలన

క్లుప్తంగా

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ నాలుగు దశల్లో సాగుతుంది. ఆటంకం ఏ దశలో ఎదురైందో ఎర్రర్ కోడ్ రెండో సగంలో రాసి ఉంటుంది. దాన్ని చదవకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించినా, నేరుగా ఫార్మాట్ కొట్టించినా కారణం బయటపడదు. ఇళ్లలో ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా నాలుగు విషయాల చుట్టూ తిరుగుతాయి: యంత్రానికి అర్హత, సి డ్రైవ్‌లో చోటు, పాత డ్రైవర్లు (ప్రింటర్ వంటి పరికరాలను విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్), కరెంటు. వీటిలో మూడోది అన్నింటికంటే మొండిది.

ఎందుకిప్పుడు?

విండోస్ 10కు మామూలుగా అందే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. సరిగ్గా రెండు వారాలకు, అదే నెల 28వ తేదీ రాత్రి, మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఒకదానికీ మరొకదానికీ సంబంధం లేదు. కానీ గోదావరి డెల్టాలో ఇంటి కంప్యూటర్‌ను విండోస్ 11కి మార్చుకోవాలనుకున్నవారికి రెండూ ఒకేసారి ఎదురయ్యాయి. మద్దతు ముగిసిందన్న సందేశం తెరపై కనిపిస్తున్న రోజుల్లోనే ఈదురుగాలులు, కరెంటు కోతలు.

ఈ ఇళ్లలోని యంత్రాల సంగతి కూడా చూడాలి. అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు వైపు ఇంటి డెస్క్‌టాప్ తరచుగా పిల్లల ఇంజనీరింగ్ చదువు కోసం ఊళ్లోని షాపులో విడిభాగాలు కూర్చి కట్టించినదై ఉంటుంది. చదువు పూర్తయి పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయారు. యంత్రం మాత్రం ఇంట్లోనే ఉండిపోయి చేపల చెరువు లెక్కలకు, పొలం 1బి కాపీ తీసుకోవడానికి, మనవలతో వీడియో కాల్‌కు పనికొస్తోంది. పదేళ్ల క్రితం నాటి మదర్‌బోర్డు, తర్వాత ఎప్పుడో మార్చిన ఎస్‌ఎస్‌డీ, ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిన విండోస్. కంపెనీ ఒకే తీరున తయారు చేసిన లాప్‌టాప్‌లో ఒక్కసారి ఎదురయ్యే సమస్య, ఇలాంటి కలగూరగంప యంత్రంలో పది రూపాల్లో ఎదురవుతుంది.

తెర మీద శాతం పెరుగుతుంటే లోపల జరిగేది

అప్‌గ్రేడ్ అంటే పాత విండోస్ మీద కొత్త విండోస్‌ను అతికించడం అనుకుంటే వైఫల్యాలేవీ అర్థం కావు. మొదటి దశ అంతా విండోస్ 10 నడుస్తుండగానే జరిగిపోతుంది. ఫైళ్లు దిగుతాయి, యంత్రానికి అర్హత ఉందో లేదో సెటప్ చూస్తుంది, ఏయే ప్రోగ్రాములు, డ్రైవర్లు ఉన్నాయో జాబితా రాసుకుంటుంది. ఈ సమయంలో కంప్యూటర్‌పై వేరే పని చేసుకోవచ్చు.

రెండో దశలో యంత్రం రీస్టార్ట్ అవుతుంది. ఇప్పుడు నడిచేది పాత విండోసూ కాదు, కొత్తదీ కాదు. మరమ్మతుల కోసం ఉద్దేశించిన ఒక చిన్న విండోస్ రంగంలోకి దిగి, పాత వ్యవస్థను 'విండోస్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి జరిపి, కొత్త ఫైళ్లను వాటి చోట పరుస్తుంది. దీన్ని సేఫ్ ఓఎస్ దశ అంటారు. మూడో దశలో కొత్త విండోస్ మొదటిసారి బూట్ అయి (అంటే లేచి), యంత్రంలోని పరికరాలకు డ్రైవర్లు అమర్చుకుంటుంది. నాలుగో దశలో మరోసారి బూట్ అయ్యి వినియోగదారు ఖాతాలు, సెట్టింగ్‌లు, ఫైళ్లు కొత్త ఇంట్లోకి చేరతాయి.

ధవళేశ్వరం దగ్గర లాకుల పనితీరు చూసినవారికి ఈ అమరిక సులభంగా అర్థమవుతుంది. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మారేటప్పుడు రెండు తలుపులూ ఒకేసారి తెరవరు. వెనుక తలుపు మూశాకే లోపలి నీటిమట్టాన్ని మారుస్తారు, ముందు తలుపు తెరుచుకోకపోతే పడవను వచ్చిన దారినే వెనక్కి పంపవచ్చు. విండోస్ సెటప్ కూడా నాలుగో దశ పూర్తయ్యేవరకు వెనుదారిని ఉంచుకుంటుంది. 'మీ కంప్యూటర్‌లో చేసిన మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం' అన్న సందేశం వస్తే చాలామంది కంగారు పడతారు. నిజానికి భద్రతా ఏర్పాటు తన పని తాను చేస్తోందని దాని అర్థం. ఆ సమయంలో పవర్ బటన్ నొక్కడమే అసలు ప్రమాదం.

పాత హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రంలో ఈ తతంగమంతా గంటల తరబడి సాగవచ్చు. శాతం అంకె కదలకుండా చాలాసేపు నిలిచిపోవడం కూడా మామూలే. డిస్కు లైటు మినుకుమినుకుమంటున్నంత సేపు యంత్రం పనిలోనే ఉన్నట్టు లెక్క.

ఎర్రర్ కోడ్‌లో చదవాల్సింది రెండో సగం

వెనక్కి తిరిగిన సెటప్ సాధారణంగా ఒక కోడ్ చూపిస్తుంది. ముందుండే సున్నా, ఎక్స్ అన్నింటికీ ఉమ్మడి కాబట్టి ఇక్కడ వాటిని వదిలేసి చెప్పుకోవచ్చు. తరచుగా కనిపించేది సీ1900101. ఇంటర్నెట్‌లో ఆ ఒక్క కోడ్ వెతికితే పరస్పర విరుద్ధమైన సలహాలు కుప్పలుగా దొరుకుతాయి. ఎందుకంటే ఆ కోడ్ ఒక జబ్బు పేరు కాదు. సెటప్ వెనక్కి తిరగాల్సి వచ్చిందని చెప్పే సాధారణ ముద్ర. చాలా సందర్భాల్లో దాని వెనుక డ్రైవర్ ఉంటుంది.

కీలకమైన సమాచారం దాని పక్కన ఉండే ఐదంకెల సంఖ్యలో ఉంటుంది. ఆ సంఖ్యలో మొదటి అంకె దశను చెబుతుంది. 1 అయితే విండోస్ 10లో ఉండగానే, 2 అయితే సేఫ్ ఓఎస్‌లో, 3 అయితే మొదటి బూట్‌లో, 4 అయితే రెండో బూట్‌లో ఆటంకం వచ్చిందని అర్థం. చివరి అంకెలు ఆ దశలో ఏ పని జరుగుతుండగా ఆగిందో చెబుతాయి. కాబట్టి 20017 అని ఉంటే సేఫ్ ఓఎస్ బూట్ కావడమే కష్టమైంది. బయటి పరికరాలను, డిస్కు కంట్రోలర్ డ్రైవర్‌ను, బయోస్‌ను (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్‌ను) అనుమానించాలి. 30018 అంటే కొత్త విండోస్ లేచింది కానీ ఏదో డ్రైవర్ సెటప్‌కు బదులివ్వలేదు. 40017 అంటే దాదాపు గమ్యం చేరి ఆగిపోయింది. డ్రైవర్లతో పాటు యాంటీవైరస్ వంటివాటిని చూడాల్సి ఉంటుంది. మొదటి సగం ఒకటే అయినా ఈ మూడింటికి వైద్యం వేరు.

ఇంకొన్ని కోడ్‌లు ముక్కుసూటిగా మాట్లాడతాయి. 80070070 అంటే డిస్కులో చోటు చాలలేదు. సీ1900200 అంటే యంత్రం కనీస అర్హతలకు తూగలేదు. సీ1900208 అంటే ఇన్‌స్టాల్ అయి ఉన్న ఏదో ప్రోగ్రామ్ కొత్త విండోస్‌తో పొసగదు. సీ1900107 అంటే గత ప్రయత్నం మిగిల్చిన చెత్త ఇంకా శుభ్రం కాలేదు. ఒకసారి రీస్టార్ట్ చేసి, డిస్క్ క్లీనప్‌తో తాత్కాలిక సెటప్ ఫైళ్లు తీసేస్తే సాధారణంగా దారి దొరుకుతుంది.

తెర మీది కోడ్ చూసుకోకుండానే మాయమైందనుకున్నా నష్టం లేదు. విండోస్ 10 ఇటీవలి వెర్షన్లలో సెటప్‌డయాగ్ అనే సాధనం వైఫల్యం తర్వాత దానంతట అదే నడిచి, విండోస్ ఫోల్డర్‌లోని లాగ్స్ విభాగంలో తన నిర్ధారణను రాసి ఉంచుతుంది. ఏ డ్రైవర్ ఫైలు వల్ల ఆగిందో పేరుతో సహా చెప్పే సందర్భాలు అందులో ఉంటాయి. ఇంత చక్కగా రాసిపెట్టిన సాక్ష్యాన్ని ఎవరూ తెరిచి చూడకపోవడం విచిత్రమే.

అర్హత లేకపోవడం ఒకటి, ఉన్నా కనిపించకపోవడం మరొకటి

విండోస్ 11 కోరే కనీస అర్హతల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు పెద్ద అడ్డంకులు కావు. ఇబ్బంది పెట్టేవి మూడు: ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్, టీపీఎం 2.0 భద్రతా చిప్, సెక్యూర్ బూట్‌కు (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం లేచేలా చూసే ఏర్పాటుకు) వీలున్న యూఈఎఫ్ఐ, అంటే బయోస్ కొత్త రూపం. ఇంటెల్‌లో స్థూలంగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచి ప్రాసెసర్లు ఆ జాబితాలో ఉన్నాయి. నాలుగో తరం, ఆరో తరం ఇంటెల్ యంత్రాలు ఎంత చురుగ్గా పనిచేస్తున్నా అధికారిక మార్గం మూసుకుపోయినట్టే. ఇక 32 బిట్ విండోస్ 10 నుంచి విండోస్ 11కి నేరుగా అప్‌గ్రేడ్ దారి లేదు, ఎందుకంటే 11 కేవలం 64 బిట్‌లోనే వస్తుంది.

అర్హత ఉండి కూడా 'లేదు' అని చూపించే యంత్రాలు వేరే తరగతి. షాపుల్లో కట్టించిన యంత్రాల్లో టీపీఎం సౌకర్యం ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్నా, బోర్డు బయోస్‌లో అది ఆపి ఉండటం సర్వసాధారణం. ఇంటెల్ బోర్డుల్లో దీన్ని పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని చూపిస్తారు. ఆన్ చేస్తే చాలు, కొత్త చిప్ కొనాల్సిన పని లేదు.

సెక్యూర్ బూట్ విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. పాత పద్ధతిలో విండోస్ వేసిన డిస్కు ఎంబీఆర్ అనే విభజన పట్టికతో ఉంటుంది. యూఈఎఫ్ఐ పద్ధతికి జీపీటీ పట్టిక కావాలి. (కృత్రిమ మేధ వార్తల్లో వినిపించే జీపీటీతో దీనికి ఏ చుట్టరికమూ లేదు.) డిస్కులోని పట్టికను మార్చకుండా బయోస్‌లో మాత్రం యూఈఎఫ్ఐ ఎంచుకుంటే యంత్రం బూట్ కావడం మానేస్తుంది. 'విండోస్ పోయింది' అని షాపుకు తెచ్చే యంత్రాల్లో కొన్నింటికి అసలు జబ్బు ఇదే. బయోస్ సెట్టింగ్ మునుపటి స్థితికి మారిస్తే పాత విండోస్ మళ్లీ లేస్తుంది. డేటా చెరిగిపోకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే సాధనం విండోస్ 10లోనే ఉంది. ముందు దానితో డిస్కు పట్టికను మార్చి, తర్వాత బయోస్ మార్చాలి. క్రమం తిరగబడితేనే చిక్కు.

బయోస్ జోలికి వెళ్లేముందు బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన లాప్‌టాప్‌లలో ఇది యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. టీపీఎం సెట్టింగ్ మారినా, బయోస్ అప్‌డేట్ అయినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా పిల్లల పేరున ఉండి, వారు వేరే దేశంలో ఉంటే ఒక ఫోను కాల్‌తో తేలుతుంది. ఖాతా పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేక, ఖాతాను తిరిగి పొందే దారీ లేకపోతే ఆ డిస్కులోని ఫొటోలు పోయినట్టే.

అడ్డదారిలో అర్హత పరీక్షను దాటవేసి విండోస్ 11 వేయించుకోవడం కూడా జరుగుతోంది. చాలా పాత యంత్రాల్లోనూ అది నడుస్తుంది. అయితే అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. భద్రతా అప్‌డేట్ల కోసమే విండోస్ మార్చేవారికి ఈ షరతు అసలు ప్రయోజనాన్నే సందేహంలో పడేస్తుంది. పైగా 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి కొన్ని ప్రాసెసర్ ఆదేశాలు తప్పనిసరి అయ్యాయి. అవి లేని కోర్ 2 డ్యుయో కాలం నాటి యంత్రాల్లో ఏ అడ్డదారీ పనిచేయదు.

సి డ్రైవ్‌లో ఇరుకు, పక్కనే డి డ్రైవ్ ఖాళీ

ఒకే హార్డ్‌డిస్కును సి, డి, ఇ అని మూడు ముక్కలు చేసి ఇవ్వడం మన షాపుల్లో ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. విండోస్ పాడైతే సి డ్రైవ్ ఒక్కదాన్నే ఫార్మాట్ చేసి డేటా కాపాడవచ్చన్నది దాని వెనుక తర్కం. ఆ కాలానికి అది తెలివైన ఏర్పాటే. కానీ అప్పట్లో సి డ్రైవ్‌కు కేటాయించిన చోటు ఇప్పుడు విండోస్‌కు, వాట్సాప్ ఫైళ్లకు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు కలిపి చాలడం లేదు. అప్‌గ్రేడ్ వేళ పాత, కొత్త విండోస్‌లు రెండూ కొంతసేపు పక్కపక్కనే ఉండాలి. డి డ్రైవ్ సగం ఖాళీగా ఉన్నా సెటప్ చూసేది సి డ్రైవ్‌నే.

డౌన్‌లోడ్స్, వీడియోలు డి డ్రైవ్‌కు తరలించడం, డిస్క్ క్లీనప్ నడపడం చాలావరకు సరిపోతుంది. చాలకపోతే ఖాళీ పెన్‌డ్రైవ్‌నో బయటి హార్డ్‌డిస్కునో తాత్కాలిక స్థలంగా వాడుకునే వీలు సెటప్‌లో ఉంది.

కంటికి కనిపించని ఇరుకు మరొకటి. బూట్ ఫైళ్లుండే చిన్న సిస్టమ్ రిజర్వ్‌డ్ విభాగం తరచుగా 100 ఎంబీయే ఉంటుంది. అది నిండిపోతే, సి డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీగా ఉన్నా అప్‌గ్రేడ్ ఆగిపోతుంది. 800ఎఫ్0922 వంటి కోడ్‌ల వెనుక ఉండే కారణాల్లో ఇదొకటి. హార్డ్‌డిస్కును ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి నకలు తీసిన యంత్రాల్లో పాత కొలతలే కొత్త డిస్కులోకీ వస్తాయి కాబట్టి ఇది మరీ అనుమానించదగినది.

పాత డ్రైవర్లు: అసలు చిక్కు ఇక్కడే

డ్రైవర్ అనేది మామూలు ప్రోగ్రామ్ లాంటిది కాదు. వర్డ్ ఆగిపోతే వర్డ్ ఒక్కటే మూతపడుతుంది. డ్రైవర్ చాలావరకు విండోస్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే నడుస్తుంది, అది తడబడితే వ్యవస్థ మొత్తం నిలిచిపోతుంది. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు అందిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయింది ఈ కారణంగానే. అప్‌గ్రేడ్ సమయంలో కొత్త కెర్నల్ ముందు పాత డ్రైవర్లు ఒక్కొక్కటిగా హాజరు కావాలి. ఒక్కటి మొండికేసినా సెటప్ వెనక్కి తిరుగుతుంది.

ఇంటి యంత్రమే అయినా దానికి తగిలించిన పరికరాలు ఇంటివి కాకపోవచ్చు. ఆక్వా, రైస్ మిల్లు, కొబ్బరి వ్యాపారాల లెక్కలు ఇంట్లోనే చూసుకునే కుటుంబాల్లో జీఎస్టీ రిటర్నుల కోసం డిజిటల్ సంతకం టోకెన్, పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, వేలిముద్రల పరికరం, బిల్లు ప్రింటర్ అన్నీ ఆ ఒక్క యంత్రానికే వేలాడుతుంటాయి. కొన్నేళ్ల క్రితం కొన్న టోకెన్ డ్రైవర్‌ను దాని తయారీదారు తర్వాత ముట్టుకోకపోయి ఉండవచ్చు. వాడకం ఆగిపోయిన ప్రింటర్ డ్రైవర్లు, ఎప్పుడో తీసేసిన వైఫై డాంగుల్ డ్రైవర్ కూడా వ్యవస్థలో మిగిలే ఉంటాయి. పరికరం బీరువాలోకి చేరినా దాని డ్రైవర్ మాత్రం హాజరు పట్టీలో ఉంటుంది.

కాబట్టి అప్‌గ్రేడ్ మొదలుపెట్టేముందు కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప తక్కినవన్నీ ఊడదీయాలి. యాంటీవైరస్‌ను తాత్కాలికంగా ఆపడం చాలదు, తీసేయాలి. అప్‌గ్రేడ్ తర్వాత మళ్లీ వేసుకోవచ్చు, ఈలోపు విండోస్‌లో ఉన్న డిఫెండర్ కాపలా ఉంటుంది. సెటప్‌డయాగ్ ఏదైనా డ్రైవర్ పేరు చెప్పి ఉంటే దాన్ని తొలగించి, బోర్డు తయారీదారు సైటు నుంచి చిప్‌సెట్, డిస్కు కంట్రోలర్ డ్రైవర్లను తాజా చేయాలి. సంతకం టోకెన్ వంటివాటికి కొత్త డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. లేకపోతే అప్‌గ్రేడ్ విజయవంతమైనా రిటర్ను దాఖలు చేసే రోజున కొత్త తలనొప్పి మొదలవుతుంది.

సిస్టమ్ ఫైళ్లే చెడిపోయి ఉండటం దీనికి దగ్గరి సమస్య. ఎస్‌ఎఫ్‌సీ, డీఐఎస్ఎం అనే రెండు సాధనాలు ఆ ఫైళ్లను సరిచూసి బాగుచేస్తాయి. డీఐఎస్ఎంను ముందు, ఎస్‌ఎఫ్‌సీని తర్వాత నడపడం మేలు, ఎందుకంటే రెండోది మరమ్మతుకు వాడే సరుకును మొదటిది సిద్ధం చేస్తుంది. 'లైట్' అన్న పేరుతో కొన్ని భాగాలు కోసేసి పంచే అనధికార విండోస్ వేసిన యంత్రాల్లో ఈ సాధనాలు కూడా చేతులెత్తేయవచ్చు. సెటప్‌కు కావలసిన ముడిసరుకే అందులో ఉండదు. అక్కడ అసలైన ఐఎస్ఓ ఫైలుతో (సెటప్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) మొదటి నుంచి వేయడమే దారి.

కరెంటు పోతే

డౌన్‌లోడ్ జరుగుతుండగా కరెంటు పోయినా, నెట్ తెగినా భయం లేదు. ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. 'నెట్ పోయింది కాబట్టి అప్‌గ్రేడ్ పాడైంది' అన్న మాట డెల్టా ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది కానీ, మొదటి దశ దాటిన వైఫల్యాలకు నెట్‌ను నిందించడంలో పెద్దగా పస లేదు.

రెండో దశలో ఫైళ్లు తారుమారవుతుండగా కరెంటు పోవడం వేరే సంగతి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ తాను చేయబోయే మార్పులను ముందుగా చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి అకస్మాత్తుగా ఆగినా డిస్కు నిర్మాణాన్ని చాలావరకు నిలబెట్టుకోగలదు. సెటప్ కూడా తిరిగి లేచాక వెనక్కి వెళ్లే ప్రయత్నం చేస్తుంది. అయినా సగం రాసిన ఫైలు సగమే. అరుగుదల మొదలైన హార్డ్‌డిస్కు అయితే ఆ కుదుపుకు చెడు సెక్టార్లు కూడా తోడవుతాయి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అన్న ధీమా అన్నివేళలా పనికిరాదు. కరెంటు పోయిన క్షణానికీ ఇన్వర్టర్ అందుకునే క్షణానికీ మధ్య ఉండే ఖాళీ ఫ్యానుకు తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. చాలా ఇన్వర్టర్లకు వెనుక వైపు యూపీఎస్ మోడ్ మీట ఉంటుంది; అందులో ఆ ఖాళీ తగ్గుతుంది. లేదంటే డెస్క్‌టాప్‌కు విడిగా చిన్న యూపీఎస్ ఉండాలి, దాని బ్యాటరీ నిజంగా బతికి ఉందో లేదో ముందుగా ప్లగ్ తీసి పరీక్షించాలి. లాప్‌టాప్‌కు ఈ బాధ తక్కువే, బ్యాటరీ చచ్చిపోయి ఎప్పుడూ చార్జర్ మీదే నడుస్తున్నది కాకపోతే. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో, మే నెల వడగాడ్పుల మధ్యాహ్నం లో వోల్టేజీ వేళల్లో ఈ పని పెట్టుకోకపోవడమే నయం.

యంత్రం తెరుచుకోకపోతే

పాత విండోసూ రాక, కొత్తదీ రాక నల్లతెర దగ్గరే ఆగిపోయిన యంత్రం గురించి ఇప్పుడు. ముందుగా బయటి పరికరాలన్నీ తీసేసి మళ్లీ ఆన్ చేయాలి. బూట్ వరుసగా విఫలమవుతుంటే విండోస్ దానంతట అదే రికవరీ తెరను తెస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్ మొదటి మెట్టు. అది ఫలించకపోతే తాజా ఫీచర్ అప్‌డేట్‌ను తొలగించే ఎంపిక ఉంటుంది. దాంతో పాత విండోస్ తిరిగొచ్చే అవకాశం ఉంది. 'రీసెట్' ఎంపిక చివరిది. అందులో ఫైళ్లు ఉంచమని చెప్పినా, ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

రికవరీ తెర కూడా రాకపోతే వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, దాని నుంచి బూట్ చేసి అవే మరమ్మతులు చేయవచ్చు. డిస్కులోని ఫైళ్లు ముఖ్యమైతే మరమ్మతు కంటే ముందు వాటిని బయటికి తీయాలి. పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు వంటి లినక్స్‌తో (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో) బూట్ చేస్తే, ఎన్‌క్రిప్ట్ కాని విండోస్ డిస్కులోని ఫొటోలు, పత్రాలు మామూలుగా కనిపిస్తాయి. వేరే డ్రైవ్‌లోకి నకలు తీసుకోవచ్చు. హార్డ్‌డిస్కు టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంటే మాత్రం ఏ సాధనమూ నడపకుండా ఆపేయాలి. ఆ స్థితిలో డిస్కును తనిఖీ చేసే చెక్‌డిస్క్ నడపడం డిస్కు ఆయుష్షును ఇంకా తగ్గిస్తుంది.

ఫోనుకు రాని బాధ కంప్యూటర్‌కెందుకు?

ఆండ్రాయిడ్ ఫోను కూడా ఏటా పెద్ద వెర్షన్ మారుతుంది, అయినా ఇంత గొడవ లేదు. తేడా నిర్మాణంలో ఉంది. 2016 నాటి ఆండ్రాయిడ్ 7 నుంచి వచ్చిన పద్ధతిలో ఫోను తన సిస్టమ్ భాగానికి రెండు అరలు ఉంచుకోగలదు. ఒక అరలోని వ్యవస్థ నడుస్తుండగానే రెండో అరలో కొత్తది సిద్ధమవుతుంది. రీస్టార్ట్‌లో అర మారుతుంది, లేవకపోతే పాత అరకే తిరిగి వెళ్తుంది. క్రోమ్‌బుక్‌లదీ ఇదే పద్ధతి. మ్యాక్‌లలో సిస్టమ్ ఫైళ్లు ముద్రవేసిన ప్రత్యేక విభాగంలో ఉంటాయి, వినియోగదారు ప్రోగ్రాములు వాటిలో చేయి పెట్టలేవు.

పైగా ఫోనులో, మ్యాక్‌లో ఏ భాగాలు ఉంటాయో తయారీదారుకు ముందే తెలుసు. విండోస్ మాత్రం కాకినాడలో ఎవరో కట్టిన యంత్రం మీద, ఇరవై ఏళ్ల నాటి ప్రోగ్రాములను మోస్తూ, ఎవరెవరివో డ్రైవర్లతో లేవాలి. దాన్ని అంతగా నిందించలేం. ఏ పరికరమైనా తగిలించుకోగల స్వేచ్ఛకు చెల్లించే మూల్యం అది. లినక్స్ కూడా ఈ బెడద నుంచి తప్పించుకోలేదు: ఉబుంటు యంత్రాల్లో పాత కెర్నల్‌లు పేరుకుపోయి బూట్ విభాగం నిండిపోవడం అప్‌గ్రేడ్‌లను ఆపే పాత జబ్బే.

ఫార్మాట్ లెక్క

సమస్య ఏదైనా షాపులో దొరికే మొదటి జవాబు ఫార్మాట్. మరమ్మతు చేసేవారి వైపు నుంచి చూస్తే అందులో అర్థముంది. లాగ్‌లు చదివి డ్రైవర్ పట్టుకోవడానికి పూట పట్టవచ్చు, పట్టకపోవచ్చు. ఫార్మాట్ ఎంతసేపో ముందే తెలుసు, రుసుమూ ముందే చెప్పవచ్చు. నష్టం మాత్రం ఇంటివారిది. బోర్డులో టీపీఎం ఆపి ఉండటమో, డిస్కు చెడిపోతుండటమో కారణమైతే ఫార్మాట్ తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది.

డెల్టాలో పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఇళ్లలో ఈ నష్టం ఇంకో రూపంలో కనిపిస్తుంది. అను ఫాంట్లతో రాసిన పాత ఫైళ్లు అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లో ఉండవు. అదే ఫాంటు మళ్లీ వేసేవరకు తెలుగు అక్షరాల చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైళ్లు భద్రంగానే ఉన్నా ఫాంట్లు, వాటి లైసెన్సు వివరాలు సి డ్రైవ్‌తో పాటు చెరిగిపోతే ఏళ్ల పని చదవలేని స్థితికి వస్తుంది. ఫార్మాట్‌కు ఒప్పుకునేముందు బ్యాకప్ అంటే ఫైళ్లే కాదు, వాటిని తెరిచే సరంజామా కూడా అని గుర్తుంచుకోవాలి.

మధ్యేమార్గం ఒకటి ఉంది, ఎందుకో దానికి ప్రచారం తక్కువ. అసలైన ఐఎస్ఓ ఫైలును విండోస్ 10లోనే తెరిచి, సెటప్ నడిపి, ఫైళ్లు, ప్రోగ్రాములు రెండూ ఉంచమని ఎంచుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ ద్వారా పదేపదే ఆగిన అప్‌గ్రేడ్ ఇలా పూర్తయిన సందర్భాలు ఉంటాయి, ఎందుకంటే అప్‌డేట్ విభాగంలోని చెడిన డౌన్‌లోడ్‌లతో దీనికి పని లేదు.

ఏ దారి ఎంచుకున్నా ముందు బ్యాకప్ తప్పదు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10కి వచ్చిన 1809 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలను చెరిపేసింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకున్నవారి పాత ఫోల్డర్లను అది ఖాళీవనుకుని తీసేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే పంపిణీ ఆపి, నవంబర్‌లో సరిచేసి మళ్లీ విడుదల చేసింది. డి డ్రైవ్‌కు డాక్యుమెంట్స్ మళ్లించుకోవడం మన దగ్గరా ఉన్న అలవాటే.

అప్‌గ్రేడ్ విజయవంతమయ్యాక పాత విండోస్‌కు తిరిగి వెళ్లే ఎంపిక సాధారణంగా 10 రోజులు ఉంటుంది. ఈలోగా ప్రింటర్, టోకెన్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకసారి నడిపి చూడాలి. చోటు కోసం విండోస్ ఓల్డ్ ఫోల్డర్‌ను మొదటి రోజే చెరిపేస్తే ఆ ఎంపిక పోతుంది.

విండోస్ 10లోనే ఉండిపోతే

అర్హత లేని యంత్రానికి గడువు దాటగానే ఏమీ కాదు. రేపు కూడా ఆన్ అవుతుంది, అన్ని పనులూ చేస్తుంది. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు అందకపోవడమే తేడా. ఇంటి వినియోగదారుల కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన పొడిగింపు పథకం ద్వారా 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు తీసుకోవచ్చు. దీనికి విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2, మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలి. సెట్టింగ్‌లను ఆ ఖాతాతో సింక్ చేసుకుంటే రుసుము లేదు. బ్యాంకు పనులు ఆ యంత్రంలోనే చేసేవారు ఈ నమోదును వాయిదా వేయకూడదు.

ఆ తర్వాత మిగిలేవి కొత్త యంత్రం, లేదా లినక్స్. బ్రౌజర్, వీడియో కాల్, యూట్యూబ్, తెలుగు టైపింగ్ వరకే వాడే ఇంట్లో ఆరో తరం ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద లినక్స్ హాయిగా నడుస్తుంది. సంతకం టోకెన్‌తో రిటర్నులు వేసే ఇంట్లో, అను ఫాంట్ల ఫైళ్లు తెరవాల్సిన ఇంట్లో దాన్ని సిఫారసు చేయడం కష్టం. అక్కడ పాత యంత్రాన్ని నెట్‌కు దూరంగా ఆ పాత పనులకే ఉంచి, నెట్ పనులకు వేరే యంత్రం చూసుకోవడం మరో ఏర్పాటు. టోకెన్‌ను మాత్రం నెట్ ఉన్న యంత్రంలోనే వాడాలి కాబట్టి, కొత్తది కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న దాని డ్రైవర్ గురించే.